గుమ్మడిపాడు వంతు ఎండ

మొదటి రోజు

ఈ పుస్తకం పంచాయతీ వారిది. కొండెక్కినవాళ్లు ఏ రోజుది ఆ రోజు ఇందులో రాసి, దిగొచ్చాక ప్రెసిడెంటు గారి చేతిలో పెట్టాలి. ఆయన ఊరందరికీ చదివి వినిపిస్తారు. కాబట్టి గోవిందరాజు గారూ, మీ గురించి రాసినచోట గొంతు తగ్గించకుండా చదవండి.

నేను నరసాయమ్మని. బడిలో వంట చేస్తాను, యాభై రెండేళ్లు. సూరీడు కొండకి ఎవరెళ్తారని మీటింగులో అడిగినప్పుడు ఊళ్లో మగాళ్లంతా నేల చూపులు చూస్తుంటే నాకు ఒళ్లు మండి "నేనెళ్తా" అన్నాను. ఆ నోటి దురుసుకి ఇప్పుడు మోకాళ్లు అనుభవిస్తున్నాయి.

నాతోపాటు ఇద్దరు. ఒకరు మా వదిన భూలోకమ్మ, మా అన్నయ్య తాతారావు భార్య. అరవై దాటినా నాకంటే ముందు నడుస్తోంది, నాకంటే ఎక్కువ మాట్లాడుతోంది. రెండో ఆయన మా బడి సైన్సు మాస్టారు కామేశం గారు. సూర్యుడి గురించి ఆయనకి తెలియని సంగతి లేదు. చూడటమే ఎప్పుడూ చూడలేదు. ఆ మాటకొస్తే మా ముగ్గురిలో ఎవరు చూశారు గనక? మా అమ్మమ్మ కాలంలో ఎండలకి జనం పిట్టల్లా రాలిపోతుంటే ఆకాశానికి అడ్డంగా తెర కట్టారట. అప్పట్నుంచి పగలంతా తెల్లటి వెలుతురే గానీ ఎండ లేదు.

ఆ తెర మా ఊరిమీద ఆరు గంటలపాటు తొలగాలంటే, ఆరో రోజు ఉదయం తొమ్మిదిలోపు మా ఊరివాళ్లు ముగ్గురు శిఖరం మీదున్న పలకకి ఒకేసారి చేతులు ఆనించాలి. ఇద్దరైతే కుదరదు. ఒక్కడెవడో వెళ్లి ఆకాశంతో ఆటలాడకుండా అలా పెట్టారని మాస్టారు చెప్పారు. వంతు పన్నెండేళ్లకోసారి వస్తుంది. తప్పితే మన ఆరు గంటలూ పక్కనున్న అలుపూరికి పోతాయి.

పోయినసారి అలాగే పోయాయి. అది మాకొచ్చిన మొదటి వంతు. ఇంకో ఇద్దరిని తీసుకుని మా అన్నయ్యే వెళ్లాడు. నాలుగో రోజు ఉదయం ఏనుగు వీపనే గట్టుమీద అందరికంటే ముందు వెళ్తూ ఆగిపోయి, గట్టు అడ్డంగా చీలిపోయింది, లోతు కనబడటంలేదు అని వెనకున్న ఇద్దరినీ చూడనివ్వకుండానే వెనక్కి తీసుకొచ్చేశాడు. ఆ మర్నాడు అదే దారిన అలుపూరివాళ్లు దర్జాగా వెళ్లి, వాళ్లదీ మాదీ కలిపి పన్నెండు గంటలు ఎండ కాచుకున్నారు. చీలికా లేదు గీలికా లేదన్నారు. అప్పట్నుంచి మా అన్నయ్య 'చీలిక తాతారావు'. ఆ పేరు పెట్టింది ఎవరో గోవిందరాజు గారికి బాగా తెలుసు. పన్నెండేళ్లుగా అన్నయ్య సెంటరు మొహం చూడలేదు. సైకిళ్లు బాగుచేసే కొట్టు కూడా పెరట్లోకి మార్చేశాడు.

ఈసారి ఊరంతా ఆశ పెట్టుకుంది. ఆరో రోజు తొమ్మిదికల్లా ఆడవాళ్లందరూ మినప్పిండి రుబ్బుకుని, గుడ్డలు పరుచుకుని డాబాలమీద కూర్చుంటారు. యంత్రంలో ఆరబెట్టిన వడియం నూనెలో వేస్తే అట్టముక్కలా ముడుచుకుంటుంది. ఎండలో పెట్టింది పువ్వులా విప్పుకుంటుందని మా అమ్మ చెప్పేది. నేను ఒక్కటీ తినలేదు. ఈసారి తినకపోతే అరవై నాలుగేళ్లొచ్చేదాకా ఆగాలి.

రెండో రోజు

పొద్దున్నే తెరలోకి వచ్చాం. కింద నుంచి చూస్తే పరుపులా ఉంటుంది, లోపల తడిసిన గోనెసంచిలా ఉంది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ముగ్గురం నడుములకి తాడు కట్టుకున్నాం. కిందివాళ్లతో మాట్లాడమని పంచాయతీ ఇచ్చిన రేడియో పెట్టె గరగరమంటుందే గానీ మాట దాటదు. తెర కిందివాళ్లకీ పైవాళ్లకీ మధ్య కబురు వెళ్లదట.

"నేను మాట్లాడుతూనే ఉంటా. మాట ఆగిందంటే నేను పడ్డట్టు లెక్క, తాడు లాగండి" అంది వదిన.

ఆగలేదు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం అయిదింటిదాకా ఆగలేదు. వాళ్ల చిన్నమ్మమ్మ పెళ్లిలో కూర మాడిన దగ్గర్నుంచి మొన్న మా ఇంట్లో నేను పులుసులో ఉప్పు ఎక్కువేసిన దాకా వచ్చింది. నేను ఉప్పు ఎక్కువ వెయ్యలేదు. ఇది అందరూ వినాలి.

మూడో రోజు

రాయలేను. సంతోషం పట్టలేకపోతున్నాను.

మధ్యాహ్నం పన్నెండింటికి తెరలోంచి తలలు బయటపెట్టాం. ముందు వదిన ఎక్కింది. ఎక్కి, మాట ఆపేసింది. పడిందేమోనని నేనూ మాస్టారూ తాడు పట్టుకుని గట్టిగా లాగేశాం. పాపం, గడ్డిలో వెల్లకిలా పడింది. తిట్టలేదు. అలాగే పడుకుని, "ఒసేయ్ నరసా, పైనెవరో పొయ్యి వెలిగించారే!" అంది.

ఎండ! వీపుమీద ఎవరో అరచెయ్యి పెట్టినట్టుంది. కళ్లు తెరవలేకపోయాను, మూసుకుంటే రెప్పల లోపలంతా ఎర్రగా ఉంది. ఆకాశం నీలంగా ఉంటుందని పుస్తకాల్లో చూశాం గానీ ఇంత నీలమని ఏ పుస్తకమూ చెప్పలేదు. మాస్టారు "సూర్యుణ్ణి నేరుగా చూడకండి, చూడకండి" అని మాకు చెబుతూ తను మాత్రం చూస్తూనే ఉన్నారు. చెంపలమీద నీళ్లు కారుతున్నాయి. అవి కళ్లమంటకో ఏడుపుకో నేనడగలేదు.

కాసేపటికి మా కాళ్ల దగ్గర నల్లగా ఏదో ఉందని వదిన కెవ్వుమంది. "దీపం ముందు నిలబడితే గోడమీద పడుతుందే, ఆ నీడేనమ్మా. ఇక్కడ దీపం పైనుంది, నేల గోడ" అన్నారు మాస్టారు. ఇక చూడండి. అరవయ్యేళ్ల మనిషి ఒంటికాలిమీద గెంతుతూ తన నీడని తొక్కబోయింది. నేను రెండు చేతులతో కుందేలు చెవులు పెట్టాను. మాస్టారి బట్టతల నీడలో గుమ్మడికాయంత ఉందని వదిన అంటే ఆయనే ముందు నవ్వారు.

స్వెట్టర్లు విప్పేసి రెండు గంటలు ఎండలో పడుకున్నాం. సాయంత్రానికి ముగ్గురికీ మొహాలు, మెడలు ఉడికించిన దుంపల్లా ఎర్రబడ్డాయి. ఒళ్లంతా మంట. మాస్టారి కళ్లు వాచాయి. గుడారంలో పడుకుని ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నాం, నవ్వితే బుగ్గలు మండుతున్నాయి.

నాలుగో రోజు

అన్నయ్య అబద్ధం చెప్పలేదు!

పొద్దున్నే ఏనుగు వీపు ఎక్కాం. రెండువైపులా దిగుడు, మధ్యలో బండి పట్టేంత గట్టు, నేలంతా సున్నం కొట్టినట్టు తెల్లరాయి. ఎడమా కుడీ కింద తెర పాలమీగడలా పరుచుకుని ఉంది. నడుస్తుంటే పాట వస్తోంది గొంతులోంచి. నేను పాడాను, ఎవరూ వద్దనలేదు.

ఎనిమిదింటికి మలుపు తిరిగామో లేదో, ఎదురుగా గట్టు చీలిపోయి ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచుకి నలభై అడుగులుంటుంది. కుడివైపు నిటారుగా ఒక రాతికొమ్ము, దాని మొదలు దగ్గర మొదలై గట్టుకి అడ్డంగా నల్లటి అగాధం. తెల్లరాయి చూసీ చూసీ కళ్లు జిగేల్మంటున్నాయేమో, ఆ నలుపులో అడుగన్నది కనబడలేదు. పోయినసారి పుస్తకంలో అన్నయ్య రాసిందంతా అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. 'అంచు దగ్గరికి పోవద్దు, జారుతుంది' అని కూడా రాశాడు. పోలేదు.

నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. వదిన మాత్రం చప్పట్లు కొట్టింది. "ఉంది! ఉందే నరసా! ఆయన చెప్పినట్టే ఉంది!" అని నా మెడ పట్టుకుని ఊపేసింది. దారి మూసుకుపోతే ఇంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. కాసేపటికి తనకీ తెలిసొచ్చింది. "అయితే మనమూ వెనక్కి పోవాలా?" అంది చిన్నగా.

"పోవడమా? ఇంకో వంతుకి నేను ఉంటానో ఉండనో" అన్నాను. నాకు కోపం వచ్చేసింది. ఎవరిమీదో తెలీదు.

మాస్టారు వాచిన కళ్లతో మ్యాపు మొహానికి ఆనించుకుని చూశారు. ఎడమవైపు దిగి, తెర అంచు వెంబడే చుట్టు తిరిగి, ఆ కొమ్ము దాటాక మళ్లీ గట్టెక్కచ్చు. కానీ రోజు పైనే పోతుంది. ఈ సాయంత్రానికి శిఖరం కింది గుడిసెకి చేరాల్సినవాళ్లం, రేపటికి కూడా చేరతామో లేదో. వేరే దారి లేదు గనక దిగాం. గడ్డి పట్టుకుని, పిర్రలమీద జారుతూ దిగాం. నా చీర సంగతి పంచాయతీ చూసుకోవాలి.

ఐదో రోజు

ఇవాళ జరిగింది నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

చుట్టు తిరిగి గట్టెక్కేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఏదైనా కడుపులో పడితే గానీ అడుగు పడదని మూడు రాళ్లు పెట్టి, ఉప్మాకి నీళ్లు ఎక్కించాను. కొంచెం అవతల, ఎడమ పక్కన ఇంకో రాతికొమ్ము ఉంది. దాని మొదట్లో మళ్లీ చిన్న చీలిక. నిన్నటిలా అడ్డంగా లేదు, పక్కకి ఉంది. సరే, మన జోలికి రాదు గదా అని వదిలేశాం.

వచ్చింది.

నీళ్లు మరిగేసరికి చీలిక అంచు వదిన మూటదాకా వచ్చింది. ముందు నా కళ్లే తప్పనుకున్నాను. రవ్వ పోసి చూస్తే మూటలో సగం నల్లబడింది. "మాస్టారూ, నేల విరుగుతోంది! చప్పుడు కాకుండా విరుగుతోంది!" అని అరిచాను. ఆయన లేచి నాలుగడుగులు వెనక్కి పరిగెత్తారు. నేను పొయ్యిమీది తపేలా చీరకొంగుతో పట్టుకుని వెనక్కి గెంతాను. మేము పదడుగులు జరిగితే అది పదడుగులూ నింపాదిగా మా వెనకే వచ్చింది. మళ్లీ జరిగాం. మళ్లీ వచ్చింది. ఇంక వెనక్కి చోటు లేదు, వెనకంతా లోయ.

"ఛీ ఛీ, ఎంతసేపు పారిపోతాం!" అని వదిన అక్కడే నిలబడిపోయింది. "పన్నెండేళ్లు మా ఇంటిని తినేసింది ఇదే. నన్నూ తిననీ" అంది. తింటుందని నిజంగానే అనుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది, చేతులు జోడించింది. నేను కేకపెట్టేలోగా నలుపు ఆమె పాదాలమీదికి వచ్చి, మోకాళ్లదాకా వచ్చింది.

ఏమీ కాలేదు.

వదిన ఒక కన్ను తెరిచింది. ఒక కాలు పైకెత్తి కిందికి కొట్టింది. టప్పున చప్పుడైంది, రాయే. "చల్లగా ఉందే" అంది.

మాస్టారు తల పట్టుకుని కింద కూర్చున్నారు. "నీడ. అయ్యో రామా, నీడ! మనకి నీడ ఉన్నప్పుడు కొండకి ఉండదా? ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను, మొన్న మీకూ చెప్పాను, నాకే బుర్ర వెలగలేదు!"

నేను తపేలా పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే దూరంగా నిన్న మేము ఆగిపోయిన చోటు కనబడుతోంది. చీలిక లేదు. తెల్లటి గట్టు శుభ్రంగా ఉంది. పొద్దున అక్కడ పడే నీడ మధ్యాహ్నానికి తప్పుకుంటుంది. అన్నయ్య ఉదయం వెళ్లాడు, ఆగిపోయాడు. అలుపూరివాళ్లు మధ్యాహ్నం వెళ్లి ఉంటారు, దాటేశారు. ఒకవేళ వాళ్లకి సంగతి తెలిసినా చెప్పేవాళ్లు కాదులెండి, మా ఆరు గంటలు వాళ్లకి కలిసొచ్చాయి గదా.

వదిన ఆ నీడలో చతికిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వుతోంది, ఏది ఎప్పుడో తెలియలేదు. "నేనూ నమ్మలేదే నరసా. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, భయపడి వెనక్కొచ్చి కథ అల్లాడనే అనుకున్నా. ఒక్క ఇంట్లో ఉంటూ పన్నెండేళ్లు అలాగే అనుకున్నా. ఆయనకి తెలీదంటావా? తెలుసు" అంది.

నేనూ అలాగే అనుకున్నాను. పక్కన కూర్చుని ఉప్మా పెట్టాను. ఉండలు కట్టింది. అయినా ముగ్గురం తపేలా ఖాళీ చేశాం.

ఇప్పుడు లెక్క ఇదీ. శిఖరానికి ఇంకా రోజు నడక ఉంది. చేతిలో ఉన్నది ఈ సాయంత్రం, రేపు తొమ్మిదిదాకా. వెలుతురున్నంతసేపూ నడుస్తాం.

ఆరో రోజు

తెల్లవారుతూనే బయల్దేరాం. మాస్టారికి కళ్లు తెరుచుకోలేదు. మూడు రోజుల ఎండ, ఆ తెల్లరాయి, వద్దంటూనే సూర్యుణ్ణి చూడటం, అన్నీ కలిసి రెప్పలు బొబ్బట్ల మాదిరి ఉబ్బాయి. తడి తువ్వాలు కట్టాం. రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని ఆయనే చెప్పారు, మళ్లీ ఆయనే "నన్ను వదిలేసి మీరు వెళ్లండమ్మా, నా మూలంగా మీరూ ఆగిపోతారు" అన్నారు.

"మీరు అక్కర్లేదు మాస్టారూ, మీ చెయ్యి కావాలి. చెయ్యొక్కటే ఊడదీసుకెళ్లే ఏర్పాటుంటే మిమ్మల్ని పొద్దున్నే లేపేదాన్నే కాదు" అన్నాను. ఆయన నవ్వి లేచారు.

చివరి మైలుని ఏనుగు వెన్నెముక అంటారు. గట్టు మూరెడు వెడల్పుకి వచ్చేస్తుంది. నిలబడి నడిచేది కాదు, గుర్రమెక్కినట్టు అటో కాలూ ఇటో కాలూ వేసుకుని జరగాలి. వదిన ముందు, మాస్టారు మధ్యలో, వెనక నేను. వదిన దారి చెబుతోంది. "మాస్టారూ, చెయ్యి ముందుకి. అక్కడ కాదు, కుడికి. అదీ. ఇప్పుడు జరగండి. భేష్!" రెండో రోజు ఆమె మాటలకి చెవులు మూసుకున్నదాన్ని, ఇవాళ ఆ గొంతు లేకపోతే మాస్టారు ఒక్క జానెడు కదిలేవారు కాదు.

ఒకచోట మాస్టారి కాలు కింది రాయి ఊడి లోయలో పడింది. చప్పుడు వినబడటానికి చాలాసేపు పట్టింది. ఆయన బిగుసుకుపోయారు. గడియారం ఎనిమిదింబావు చూపిస్తోంది. కింద డాబాలమీద ఊరంతా పిండిగిన్నెలు ముందు పెట్టుకుని పైకి చూస్తూ ఉంటుంది. వాళ్ల డాబామీద అన్నయ్య మాత్రం పైకి చూడకుండా ఉంటాడు.

"మాస్టారూ, ఏడో ఎక్కం చెప్పండి" అన్నాను.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఎక్కంలో ఒక్కో వరసకి ఒక్కసారి జరగాలి."

ఏడో ఎక్కంతో మొదలుపెట్టి పంతొమ్మిదో ఎక్కం దాకా వచ్చాం. పంతొమ్మిదో ఎక్కంలో ఒకచోట తప్పు చెప్పారు, దిగొచ్చాక పిల్లలకి చెబుతాను. ఎనిమిదీ యాభై రెండుకి గట్టు వెడల్పైంది. లేచి నిలబడితే ఇంక ఎక్కడానికి ఏమీ లేదు. శిఖరం!

పలక మా బడి బల్లంత ఉంది. మూడు చేతుల అచ్చులు, వాటినిండా పక్షుల రెట్టలు. కొంగుతో తుడిచాను. మాస్టారి చెయ్యి పట్టుకుని మధ్య అచ్చులో పెట్టాను. వదిన ఒకపక్క, నేనొకపక్క. మా ముగ్గురి చేతులూ ఎండకి పొలుసులు లేచి ఉన్నాయి, ఇవి మనుషుల చేతులని ఆ పలక ఒప్పుకుంటుందో లేదోనని బెంగపడ్డాను. వంద అంకెలు లెక్కపెట్టాం. ఏమీ లేదు. వదిన తన చెయ్యి ఇంకా గట్టిగా అదిమింది. నూట పధ్నాలుగు దగ్గర పలక వెచ్చబడింది.

దక్షిణంగా తెర కదిలింది. పాలమీద కట్టిన మీగడని వేలితో పక్కకి తోసినట్టు మెల్లగా విడిపోయింది. అడుగున ఆకుపచ్చగా పొలాలు, వాటి మధ్య అగ్గిపెట్టెల్లా మా ఇళ్లు. ఎండ మా ఊరిమీద పడింది. నేను ఏం అరిచానో నాకే తెలీదు. మాస్టారు "పడిందా? ఊరిమీద పడిందా? ఏ రంగులో ఉంది?" అని అడుగుతున్నారు. వదిన ఆయన బుగ్గలు పట్టుకుని "బంగారంలా ఉంది మాస్టారూ!" అని చెప్పింది.

అంతలో రేడియో పెట్టె పలికింది. తెర తొలిగింది గదా, మాట దాటుతోంది. ప్రెసిడెంటు గోవిందరాజు గారి గొంతు.

"నరసాయమ్మా! ఎండొచ్చింది గానీ కొంప మునిగింది! వీధులన్నీ చీలిపోయాయి! ఏ ఇంటి పక్కన చూసినా నల్లటి గొయ్యి. ఒక్కరూ డాబా దిగట్లేదు. నేను పంచాయతీ ఆఫీసు డాబామీద ఇరుక్కుపోయాను. ఏం చెయ్యమంటావ్?"

నాకు నవ్వు ఆగలేదు. వదిన నా చేతిలోంచి పెట్టె లాక్కుంది.

"ప్రెసిడెంటు గారూ, మీ రేడియో మైకు దగ్గర పెట్టండి. ఊరందరికీ వినబడాలి."

పెట్టారు. వదిన గొంతు సవరించుకుంది.

"ఏవండీ, నేను భూలోకాన్ని. పన్నెండేళ్ల కిందట మీరు చూసింది మేమూ చూశాం. ఏనుగు వీపుమీద ఉంది, మీరు రాసినట్టే ఉంది. మీలాగే మేమూ ఆగిపోయాం, మాస్టారితో సహా. అది కొండ నీడండీ. ఇప్పుడు మన వీధిలో ఉన్నవి ఇళ్ల నీడలు. దాంట్లో నేను నిలబడి చూశాను, కింద నేలే ఉంది. మిమ్మల్ని నమ్మనిదాన్ని, నా మాట నమ్మమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నా. డాబా దిగండి."

వదిన నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగాయి. తర్వాత గోవిందరాజు గారే చెప్పడం మొదలుపెట్టారు.

"తాతారావు లేచాడు... మెట్లు దిగుతున్నాడు... ఒరేయ్ తాతారావూ, వద్దురా!... ఆఖరి మెట్టుమీద నిలబడ్డాడు... కాలు పెట్టాడు."

వదిన పెట్టెని మా చెవుల దగ్గరికి తెచ్చింది.

"నడుస్తున్నాడమ్మా. వీధి మధ్యలోంచి నడుస్తున్నాడు. సెంటరుకి వచ్చేశాడు. ఇటే వస్తున్నాడు."

మెట్లమీద చెప్పుల చప్పుడు దగ్గరైంది. ఆ తర్వాత మా అన్నయ్య గొంతు, కొంచెం ఆయాసంగా.

"భయపడకండి గోవిందరాజు గారూ. చెయ్యి ఇలా ఇవ్వండి, నేను దాటిస్తాను."